సురేకారం లేనిదే ఫిరంగి పేలదు

తుపాకి మందులో ఉండే సరుకులు మూడే: సురేకారం, గంధకం, బొగ్గు. యూరప్‌లో చివరికి స్థిరపడిన లెక్క ప్రకారం నూటికి 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. బొగ్గు ఏ ఊళ్లోనైనా కాల్చుకోవచ్చు. గంధకం సిసిలీ లాంటి అగ్నిపర్వత ప్రాంతాల నుంచి ఓడల్లో వచ్చేది, పైగా కొంచెమే సరిపోతుంది. ఇబ్బందంతా సురేకారంతోనే. పెట్లుప్పు అని కూడా పిలిచే ఈ తెల్లటి ఉప్పు పెద్ద మొత్తంలో గనుల్లో దొరికేది కాదు. పశువుల మూత్రం, పేడ, కుళ్లిన చెత్త, ఎండ, తేమ, మట్టిలోని సూక్ష్మజీవులు కలిసి నెలల తరబడి పనిచేస్తే నేల మీద పొరలా తేలుతుంది. యుద్ధాల చరిత్ర రాసినవాళ్లు రాజుల గురించి, ఫిరంగుల గురించి వేల పేజీలు రాశారు. ఆ ఫిరంగుల్లో దట్టించిన మందులో ముప్పాతిక వంతు ఏ నేల నుంచి వచ్చింది, దాన్ని ఎవరు గీకి తీశారు అన్నది మాత్రం ఎప్పుడూ అంచుల్లోనే ఉండిపోయింది. కానీ సుమారు రెండు వందల ఏళ్ల పాటు పెద్ద రాజ్యాలన్నీ తలపట్టుకున్నది ఆ ప్రశ్న దగ్గరే. దానికి దొరికిన జవాబులో మన దేశానిదే పెద్ద వాటా.

అసలు సురేకారం అంత ముఖ్యం ఎందుకైంది? మామూలు మంట గాలిలోని ఆక్సిజన్ తీసుకుని మండుతుంది. ఇనుప గొట్టంలో మందు కూరి, పైన గుండు బిగించాక లోపల గాలికి చోటుండదు. సురేకారం ఆక్సిజన్‌ను తనలోనే మోసుకొస్తుంది. వేడి తగలగానే దాన్ని వదిలేస్తుంది. బొగ్గు దానితో మండి వాయువుగా మారుతుంది. గంధకం తక్కువ వేడికే అంటుకుని ఈ పనంతా మొదలుపెడుతుంది. ఒక్కసారిగా పుట్టిన వేడి వాయువులు గుండును బయటికి నెట్టేస్తాయి. డైనమైట్‌లా ఇది అన్నింటినీ ముక్కలు చేసే పేలుడు కాదు, చాలా వేగంగా సాగే మంట. ఫిరంగి గొట్టం పగలకుండా గుండు మాత్రం దూసుకుపోయేది అందువల్లే. మందు బరువులో సగానికి పైగా వాయువుగా మారదు, మసిగా, పొగగా మిగిలిపోతుంది. కొన్ని వరసలు కాల్చేసరికి ఎదుట ఉన్న శత్రువు కూడా కనిపించని స్థితి వచ్చేది.

దీన్ని కనిపెట్టినవాళ్లు ఆయుధం కోసం వెతకలేదు. చైనాలో తాంగ్ వంశ కాలపు రసవాదులు చావు లేకుండా చేసే మందు కోసం రకరకాల ఖనిజాలు కలిపి వేడిచేసేవారు. గంధకం, సురేకారం, తేనె కలిపి కాచిన కొందరి చేతులు, ముఖాలు కాలాయనీ, ఇల్లే తగలబడిందనీ, అలాంటి పని చేయొద్దనీ ఆనాటి తావో గ్రంథమొకటి హెచ్చరిస్తుంది. 1044లో సోంగ్ రాజుల సైనిక గ్రంథం వూజింగ్ జోంగ్యావ్‌లో తుపాకి మందు పాళ్లు మొదటిసారి అక్షరాల్లోకి ఎక్కాయి. 1132లో దెయాన్ నగర ముట్టడిలో వెదురు గొట్టాల్లో మందు కూరి శత్రువు మీదికి నిప్పులు చిమ్మించారు. వందేళ్ల తర్వాత కైఫెంగ్ నగరాన్ని ముట్టడించిన మంగోలుల మీద ఇనుప పెంకు బాంబులు పడ్డాయి. మంగోలుల దండయాత్రల కాలంలోనే ఈ విద్య పడమటికి పాకింది. 1280 ప్రాంతంలో సిరియాకు చెందిన హసన్ అల్ రమ్మా సురేకారాన్ని శుద్ధి చేసే పద్ధతిని వివరంగా రాశాడు. అరబ్బులు ఆ ఉప్పును చైనా మంచు అన్నారు. 1326 నాటి ఒక ఇంగ్లిష్ రాతప్రతిలో ఫిరంగి బొమ్మ కనిపిస్తుంది.

మొదటి ఫిరంగులతో ప్రాణభయం శత్రువుకెంత ఉండేదో కాల్చేవాడికీ అంతే ఉండేది. పొడిగా కలిపిన మందు బండి మీద కుదుపులకు విడిపోయేది, బరువైన సరుకు అడుక్కి దిగిపోయేది. 15వ శతాబ్దంలో మందును తడిపి, ముద్ద చేసి, ఆరబెట్టి, పలుకులుగా కొట్టడం నేర్చుకున్నాక పరిస్థితి మారింది. పలుకుల సందుల్లోంచి మంట ఒక్కసారిగా పాకుతుంది, అదే తూకానికి చాలా ఎక్కువ బలం వస్తుంది. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడలు కూలాక ఎత్తయిన సన్నటి కోటగోడల కాలం ముగిసింది. ఇటలీలో నక్షత్రం ఆకారంలో పొట్టిగా, లావుగా, మట్టితో దట్టించిన కోటలు లేచాయి. అలాంటి కోట కట్టడానికీ, దాన్ని కూల్చే ఫిరంగులు పోయడానికీ చిన్న జమీందారు దగ్గర డబ్బు సరిపోదు. రాజ్యాలు పెద్దవి కావడానికి, పన్నులు పెరగడానికి ఇదొక కారణం.

ఫిరంగులు పెరిగేకొద్దీ సురేకారం ఆకలి పెరిగింది. చల్లటి యూరప్ నేలలో అది నెమ్మదిగా, కొద్దికొద్దిగా తయారవుతుంది. ఇంగ్లండ్‌లో రాజుగారి అనుమతితో సురేకారం సేకరించేవాళ్లు ఎవరి పశువుల కొట్టంలోకైనా, పావురాల గూటిలోకైనా చొరబడి నేల తవ్వుకుపోయేవారు. జనానికి వాళ్లంటే ఎంత మంటో ఆనాటి ఫిర్యాదుల్లో తెలుస్తుంది. 1626లో మొదటి చార్లెస్ రాజు మూత్రాన్ని పారబోయకుండా దాచి ఇవ్వాలని ప్రజలకు ఆజ్ఞ జారీ చేశాడు. స్వీడన్‌లో రైతులు సురేకారం మట్టిని పన్నుగా కట్టారు. సముద్రాలు ఏలాలనుకునే రాజ్యాలు తమ పేద ప్రజల కొట్టాల కింద మట్టి కోసం ఇలా దేబిరించాల్సి వచ్చిందంటే కొరత ఎంత తీవ్రమో ఊహించవచ్చు.

ఆ కొరతను తీర్చింది బీహార్. గంగకు ఉత్తరాన తిర్హుత్, సారణ్, చంపారన్ ప్రాంతాల్లో జనం ఒత్తుగా ఉంటారు, పశువులు ఎక్కువ, వర్షాకాలం పోగానే సుదీర్ఘమైన ఎండ. వానకు తడిసిన నేలలో సూక్ష్మజీవులు మూత్రంలోని నత్రజనిని నైట్రేట్‌గా మారుస్తాయి. ఎండ ముదిరేకొద్దీ తేమతో పాటు ఆ ఉప్పు పైకి తేలి, ఇళ్ల గోడల పాదాల్లో, కొట్టాల చుట్టూ, పాడుబడ్డ ఊరి దిబ్బల మీద తెల్లగా పూస్తుంది. నూనియా కులస్తులు కార్తీకం దాటిన దగ్గర్నుంచి మళ్లీ వానలు పడేదాకా ఆ పొరను పలుచగా గీకి తట్టల్లో పోగు చేసేవారు. ఏ మట్టిలో సారం ఉందో రుచి చూసి చెప్పగలిగేవారు. వెదురు తడకలు, గడ్డి పరిచిన మట్టి తొట్టిలో ఆ మన్ను పోసి, నీళ్లు పోస్తే కింద గోధుమరంగు ఊట దిగుతుంది. కట్టెల బూడిద కలపడంలోనే కిటుకంతా ఉంది. మట్టిలో చాలా భాగం కాల్షియం నైట్రేట్, అది గాలిలోని తేమను పీల్చుకుని చెమ్మగిల్లుతుంది, మందుకు పనికిరాదు. బూడిదలోని పొటాషియం దాన్ని పొడిగా నిలిచే సురేకారంగా మారుస్తుంది. ఈ రసాయనం పుస్తకాల్లోకి ఎక్కడానికి ఎంతో ముందే నూనియాల చేతికి తెలుసు. ఊటను కాచి చల్లారిస్తే ముతక సురేకారం పలుకులు కడుతుంది. మళ్లీ నీళ్లలో కరిగించి, కాచి, వడకడితే సూదుల్లాంటి మెరిసే కల్మీ సురేకారం వస్తుంది.

ఏడాదిలో ఏడెనిమిది నెలలు కుటుంబమంతా చేసే పని ఇది. పెట్టుబడి మాత్రం వాళ్లది కాదు. సీజన్‌కు ముందే దళారులు బయానా ఇచ్చి కట్టేసుకునేవారు, సరుకు పాట్నాకు చేరేసరికి లాభం మెట్టుమెట్టునా పైవాళ్ల దగ్గరే ఆగిపోయేది.

డచ్చివాళ్లు, ఇంగ్లిష్‌వాళ్లు, ఫ్రెంచివాళ్లు ఆ సరుకు కోసం పోటీపడ్డారు. బీహార్ కంటే ముందు వాళ్లు కొన్నది కోరమాండల్ తీరంలో. నెల్లూరుకు దక్షిణంగా పులికాట్‌లో డచ్చివాళ్ల గెల్డ్రియా కోటలో తుపాకి మందు తయారీ కేంద్రమే నడిచింది. ఆసియాలోని వాళ్ల కోటలకు, ఓడలకు అక్కడి మందు వెళ్లేది. 17వ శతాబ్దం మధ్య నుంచి బీహార్ సరుకు ముందు మిగతావన్నీ వెనకబడ్డాయి. బరువైన సురేకారం బస్తాలను ఓడ అడుగున వేస్తే ఓడ నిలకడగా ఉంటుంది, పైన బట్టలు, పట్టు వేసుకోవచ్చు, ఓడకు అడుగు బరువుగా వేసిందే లండన్‌లో అమ్ముడుపోతుంది. 1693లో ఈస్టిండియా కంపెనీ చార్టర్‌ను పొడిగించినప్పుడు ఇంగ్లిష్ ప్రభుత్వం పెట్టిన షరతుల్లో ఏటా 500 టన్నుల సురేకారం ఇవ్వాలన్నది ఒకటి.

1757 జూన్ 23న ప్లాసీలో వాన పడింది. నవాబు సైన్యం మందు తడిసిపోయింది. కంపెనీవాళ్లు తమ మందు మీద టార్పాలిన్లు కప్పుకున్నారు. ఆ యుద్ధం గెలవడానికి కుట్ర కూడా అంతే కారణం కాబట్టి వానకు మరీ పెద్దపీట వేయక్కర్లేదు. యుద్ధం తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. కొత్త నవాబు మీర్ జాఫర్ నుంచి 1758లో బీహార్ సురేకారం మీద గుత్తాధికారాన్ని క్లైవ్ కంపెనీకి రాయించుకున్నాడు. ప్రపంచంలోనే అతిపెద్ద సురేకారం వనరు ఒకే చేతిలోకి వెళ్లింది. అప్పుడు యూరప్‌లో బ్రిటన్, ఫ్రాన్స్‌లు చెరోవైపు నిలిచిన ఏడేళ్ల యుద్ధం సాగుతోంది. ఫ్రాన్స్ మందు కొరతతో అల్లాడింది.

ఆ దెబ్బ నుంచి ఫ్రాన్స్ పాఠం నేర్చుకున్న తీరు చూడాలి. 1775లో మందు తయారీని ప్రైవేటు గుత్తేదార్ల చేతి నుంచి తీసి ప్రభుత్వ సంస్థ కింద పెట్టింది. దాని నిర్వాహకుల్లో ఒకడు రసాయన శాస్త్రవేత్త లావోసియే. ఆక్సిజన్ మంటలో ఏం చేస్తుందో లోకానికి వివరించిన మనిషే ఫ్రాన్స్‌కు సురేకారం గుంటలు పెట్టడం నేర్పాడు. కొన్నేళ్లలోనే ఫ్రెంచి మందు యూరప్‌లో మేటిదైంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదటి ఏళ్లలో తిరుగుబాటుదార్లకు దొరికిన బయటి మందులో ఎక్కువ భాగం అక్కడిదే. 1794లో విప్లవ ప్రభుత్వం లావోసియే తల నరికించింది. అతని దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఇరెనే దూపాన్ అమెరికా వెళ్లి 1802లో డెలావేర్‌లో మందు మిల్లు పెట్టాడు, అదే తర్వాత డూపాంట్ కంపెనీ అయింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక ఆ వంశానికే చెందిన లామో దూపాన్ లండన్ వచ్చి భారత సురేకారాన్ని వేల టన్నుల్లో కొన్నాడు. ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడను అమెరికా నౌకాదళం ఆపిన గొడవ వల్ల బ్రిటన్, అమెరికాల మధ్య యుద్ధం వచ్చేలా ఉండడంతో బ్రిటన్ ఎగుమతి ఆపేసింది, గొడవ చల్లారాకే సరుకు కదిలింది. అమెరికాలో బానిసత్వం మీద జరిగిన యుద్ధానికి కావాల్సిన మందు బీహార్ పల్లెల్లో మట్టి గీకిన చేతుల మీదుగా వెళ్లింది.

ఇదంతా చూసి మనవాళ్లకు మందు వాడకం తెలియదనుకుంటే పెద్ద పొరపాటు. 1520లో రాయచూరు కోట దగ్గర ఆదిల్‌షాహీ ఫిరంగులను శ్రీకృష్ణదేవరాయలు ఎదుర్కొన్నాడు. ఆ ముట్టడిలో క్రిస్తోవావో ద ఫిగ్యురెదో అనే పోర్చుగీసువాడి తుపాకులు కోటగోడ మీది కాపలాదార్లను ఏరి కొట్టడం వల్లే పునాది రాళ్లు పెకలించే పని సాగిందని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. 1565లో రాక్షసి తంగడి దగ్గర అహ్మద్‌నగర్ ఫిరంగుల్లో రాగి నాణేల సంచులు కూరి దగ్గర నుంచి పేల్చారని పర్షియన్ చరిత్రకారుడు ఫెరిష్తా అంటాడు. 1652లో గండికోటకు వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, గుళ్లలోని రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించాలని గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేసిన ప్రయత్నాన్ని వర్ణించాడు. 1687లో గోల్కొండను ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించాడు. గోడల కింద సొరంగాలు తవ్వి మందు నింపితే కోటలోని వాళ్లు పసిగట్టి, ఎదురు తవ్వి, మందు తీసేసి నీళ్లు పోశారు. మిగిలిన మందు పేలినప్పుడు మొఘల్ సైనికులే చనిపోయారు. చివరికి ఆ కోటను గెలిచింది ఫిరంగి కాదు, లంచం తీసుకుని తలుపు తీసిన చేయి.

1757 జనవరి 24న బొబ్బిలి కోటను బుస్సీ ఫ్రెంచి ఫిరంగులు బద్దలు కొట్టాయి. ప్లాసీకి అయిదు నెలల ముందు సంగతి ఇది. కోట నిలవదని తెలిశాక లోపలివాళ్లు ఆడవాళ్లను, పిల్లలను తామే చంపుకున్నారు. తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకున్నాడు. ఆ కథను రెండున్నర శతాబ్దాలుగా తెలుగునాట పాడుకుంటూనే ఉన్నారు. తుపాకి మందు మన సంస్కృతి మీద వేసిన ముద్ర ఏదని అడిగితే ముందు చెప్పాల్సింది బొబ్బిలి కథే. కత్తికి కత్తి ఎదురు నిలిచే పోరులో శౌర్యం లెక్కకు వస్తుంది. దూరం నుంచి గోడను పొడి చేసే ఫిరంగి ముందు ఆ శౌర్యానికి చోటు లేకుండా పోయిందన్న బాధ ఆ కథ పొడుగునా వినిపిస్తుంది.

కొత్త ఆయుధాన్ని తయారుచేసి బయటి ప్రపంచానికి నేర్పిన ఘనత కూడా దక్కన్‌ది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల సైన్యం వాడిన రాకెట్లకు కాగితం, వెదురు గొట్టాల బదులు జానెడు ఇనుప గొట్టం ఉండేది. ఇనుము ఎక్కువ ఒత్తిడిని తట్టుకోవడంతో అవి దాదాపు కిలోమీటరు దూరం వెళ్లేవి. 1780లో పొల్లిలూర్ దగ్గర కల్నల్ బెయిలీ దళం మందుబండ్లు పేలిపోయాయి, రాకెట్ల వల్లేనని చాలామంది చరిత్రకారుల మాట. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఆ రాకెట్లు ఇంగ్లండ్ చేరాయి. వాటి ఆధారంగా విలియం కాంగ్రీవ్ తయారుచేసినవి 1807లో కోపెన్‌హేగన్‌ను తగలబెట్టాయి, 1814లో బాల్టిమోర్ మీద పడి, ఆ ఎర్రటి వెలుగు అమెరికా జాతీయ గీతంలో చోటు సంపాదించుకుంది. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర ఊళ్లో ఒక పాడుబావి తవ్వితే వెయ్యికి పైగా మైసూరు రాకెట్లు బయటపడ్డాయి.

మరి నేల మనది, ఉప్పు మనది, పనివాళ్లూ మనవాళ్లే, ఓడింది మాత్రం మనం ఎందుకు? మందు నాణ్యతలో తేడా ఒక కారణం. కంపెనీ కలకత్తా దగ్గరి ఇషాపూర్‌లో 1787లో మందు కర్మాగారం పెట్టి ప్రతి పీపాను ఒకే రకంగా తూచి, పరీక్షించి నింపింది. సైనికుడికి నెలనెలా జీతం, వరసలో నిలబడి ఒకేసారి కాల్చే శిక్షణ మరో కారణం. వీటన్నిటి కంటే పెద్దది ముడిసరుకు మీద పట్టు అనిపిస్తుంది. హైదరాబాద్‌లో నిజాం కోసం ఫ్రెంచి సేనాని రేమండ్ తోపుల కార్ఖానా నడిపాడు, గన్‌ఫౌండ్రీ పేరు ఆ ఊళ్లో ఇప్పటికీ నిలిచింది. కానీ 1798 సంధితో ఆ ఫ్రెంచి దళమే రద్దయిపోయింది. ఫిరంగులు పోసుకున్న రాజులకు కొదవ లేదు. వాటికి ఏళ్ల తరబడి మందు అందించే ఏర్పాటు, దానికి తగిన ఆదాయం అప్పటికి కంపెనీ దగ్గరే మిగిలాయి.

అదే ఇషాపూర్ పక్కనున్న బారక్‌పూర్‌లో 1857 మార్చి 29న మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటా అంటే కాగితంలో చుట్టిన మందు, గుండు. కాగితాన్ని పళ్లతో కొరికి, మందు గొట్టంలో పోయాలి. ఆ కాగితానికి ఆవు, పంది కొవ్వు పూశారన్న మాట సైన్యమంతా పాకింది. మే 11న ఢిల్లీ ఆయుధాగారాన్ని తిరుగుబాటుదార్లకు దక్కకుండా ఇంగ్లిష్ అధికారులే పేల్చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం 1878లో ఆయుధాల చట్టం, 1884లో పేలుడు పదార్థాల చట్టం తెచ్చింది. దీపావళికి మన ఊళ్లలో టపాకాయల దుకాణం పెట్టాలంటే తీసుకునే లైసెన్సుకు మూలం ఇప్పటికీ ఆ 1884 చట్టమే.

పండగ వైపు చూస్తే ఈ మందుకు మరో ముఖం ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరంలో మహర్నవమి చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, ఆకాశంలోకి లేచే జువ్వల గురించి, మండుతూ లోపల్నుంచి బాణాలు విసిరే కోట బొమ్మల గురించి రాశాడు. అదే కాలంలో కొండవీడు దాకా ఏలిన గజపతి ప్రతాపరుద్రుడి పేరు మీదున్న కౌతుకచింతామణి అనే సంస్కృత గ్రంథంలో బాణసంచా తయారీ పాళ్లు ఉన్నాయి. సురేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను కలిపి ఇళ్లలోనే చిచ్చుబుడ్లు, మతాబులు, సిసింద్రీలు కూరుకోవడం మొన్నమొన్నటి దాకా తెలుగు పల్లెల్లో దసరా నుంచే మొదలయ్యేది. బొగ్గు ఏ కర్రదన్న దాని మీద జువ్వ వేగం ఆధారపడుతుంది, తేలికైన జిల్లేడు బొగ్గు కోసం వెతికేవారు. ఆకుపచ్చ, ఎరుపు రంగుల వెలుగులు 19వ శతాబ్దంలో క్లోరేటు, బేరియం, స్ట్రాన్షియం వచ్చాకే సాధ్యమయ్యాయి. అంతకు ముందు తరాలు చూసినవన్నీ బంగారు, నారింజ రంగు నిప్పురవ్వలే. గనుల్లో బండను పేల్చడానికి ఈ మందు వాడినట్టు 1627లో స్లొవేకియాలోని బాన్‌స్కా ష్టియావ్నిత్సా దగ్గర రికార్డయింది. కాలువలు, సొరంగాలు, రైలు దారులు తర్వాత దాని బలంతోనే కొండల్ని దాటాయి.

1884లో ఫ్రాన్స్‌లో పోల్ వియేల్ పొగ రాని మందు కనిపెట్టాడు. పదేళ్లు తిరిగేసరికి పెద్ద సైన్యాలన్నీ దాని వైపు మళ్లాయి. చిలీ ఎడారి నుంచి చవకైన నైట్రేటు అంతకు ముందే మార్కెట్‌ను ముంచెత్తింది. బీహార్ సురేకారం ధర పడిపోయింది. నూనియాలకు ఇంకో చిక్కు కూడా ఉంది. సురేకారం శుద్ధి చేసేటప్పుడు పక్కన మామూలు ఉప్పు కూడా దిగుతుంది, ఆ ఉప్పు మీద ప్రభుత్వానికి పన్ను. అందువల్ల సురేకారం పొయ్యి మీద ఉప్పు శాఖ నిఘా, లైసెన్సు, జరిమానా. తెలుగునాట చవిటి మన్ను నుంచి ఉప్పు తీసిన ఉప్పర కులస్తులకూ ఇదే జరిగింది. ప్రభుత్వ ఉప్పు గుత్తాధికారం వచ్చాక వాళ్ల వృత్తి నేరమైంది. నూనియాలు రోడ్ల కట్టలకు, ఇటుక బట్టీలకు, ఉప్పరులు చెరువు కట్టలకు, బావుల తవ్వకానికి కూలి లెక్కన మట్టిపనికి వెళ్లారు.